సంసారం గుట్టు: తెలుగు సమాజంలో గృహహింసకు పేర్లు ఏర్పడిన చరిత్ర

ప్రస్తావన

'సంసారం గుట్టు, రోగం రట్టు' అన్నది తెలుగువారిలో బహుళ ప్రచారంలో ఉన్న సామెత. రోగాన్ని దాచితే ముదురుతుంది కనుక నలుగురికీ చెప్పుకోవాలి. సంసారంలోని కలతను బయటపెడితే పరువు పోతుంది కనుక దాచుకోవాలి అని దాని తాత్పర్యం. రెండు బాధలను పక్కపక్కన నిలిపి, ఒకదానికి మాటను, మరొకదానికి మౌనాన్ని కేటాయించిన సామెత ఇది. ఆ కేటాయింపు నేటికీ చెల్లుబాటులోనే ఉన్నదనడానికి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) నిదర్శనం. శారీరక లేదా లైంగిక హింసకు గురైన భారతీయ స్త్రీలలో 77 శాతం మంది ఆ విషయాన్ని ఎవరికీ చెప్పలేదు, ఎవరి సహాయాన్నీ కోరలేదు. సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే.

చెప్పుకోవడానికి ధైర్యంతోపాటు మాట కూడా కావాలి. అనుభవించిన బాధకు సమాజం గుర్తించే పేరు లేనప్పుడు, ఆ బాధ 'తలరాత' గానో 'మా ఇంటి గొడవ' గానో మిగిలిపోతుంది. దాంపత్యంలోని హింసకు తెలుగు సమాజం ఏయే కాలాల్లో ఏయే పేర్లు పెట్టింది? ఆ పేర్లు హింసకు ఏ కారణాన్ని చూపాయి? ఏ కారణాన్ని మరుగుపరిచాయి? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పంతొమ్మిదవ శతాబ్ది చివరినుంచి నేటివరకు శుల్కం, కట్నం, సారా అనే మూడు పేర్లు వరుసగా ముందుకు వచ్చాయి. ప్రతి పేరూ ఒక సంస్కరణను సాధించింది. అయితే ప్రతి పేరూ హింసకు మూలాన్ని దాంపత్యం వెలుపలి వస్తువులోనే చూపింది. దాంపత్యంలోని అధికార సంబంధమే కారణమని చెప్పగల భాష చాలా ఆలస్యంగా ఏర్పడింది. ఇదీ ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

కాపురం, ఆరడి: సంప్రదాయ పదజాలం

వైవాహిక జీవితానికి తెలుగులో ఉన్న ప్రధాన పదం 'కాపురం'. నివాసం అనే అర్థం నుంచి దాంపత్యం అనే అర్థానికి ఆ పదం విస్తరించింది. ఈ పదంతో ఏర్పడిన క్రియలను గమనిస్తే స్త్రీ స్థానం స్పష్టమవుతుంది. అమ్మాయిని 'కాపురానికి పంపుతారు'. ఆమె 'కాపురం నిలబెట్టుకోవాలి'. తిరిగివస్తే 'కాపురం వదిలి వచ్చింది' అంటారు. పురుషుని విషయంలో ఇవే క్రియలు ఇదే రీతిలో వాడుకలో లేవు. అతడు ఉన్నచోటనే ఉంటాడు. వచ్చేదీ, పోయేదీ, నిలబెట్టవలసినదీ ఆమె. కాపురం చెడితే బాధ్యత ఎవరిదో భాషలోనే నిర్ణయమైపోయింది.

హింసను సూచించే పదాలు లేకపోలేదు. నింద, బాధ అనే అర్థాలు గల 'ఆరడి' అనే మాట బహువచనంలో 'అత్తింటి ఆరళ్లు'గా స్థిరపడింది. సాధింపు, రాచిరంపాన పెట్టడం వంటి మాటలూ ఈ కోవలోనివే. ఈ పదాలు ఎక్కువగా అత్త వైపు, ఆడబిడ్డ వైపు వేలు చూపుతాయి. అత్తాకోడళ్ల వైరం సామెతల్లోనూ స్త్రీల పాటల్లోనూ పొందినంత స్థలాన్ని భర్త చేసే హింస పొందలేదు. భర్త దెబ్బకు వేరుగా పేరు పెట్టవలసిన అవసరం కలగలేదు. అది మందలింపులో, అదుపులో భాగంగా పరిగణింపబడింది. పేరు పెట్టని చర్యను నేరంగా గుర్తించడం ఏ సమాజానికైనా కష్టం.

శుల్కం: అంకెలుగా మారిన బాల్యం

కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహాన్ని జరిపించిన నాటికి, ఇంటిలోపలి విషయాలు పత్రికల్లో చర్చకు రావడం మొదలైంది. ఆ చర్చకు అత్యంత ప్రసిద్ధమైన సాహిత్యరూపం గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'. 1892లో ప్రదర్శితమై, 1897లో తొలి కూర్పుగా ముద్రితమై, 1909లో సమగ్రంగా మారిన రూపంలో వెలువడిన ఈ నాటకానికి వెనుక ఒక గణాంక సేకరణ ఉన్నది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల జాబితాను తయారు చేయించారు. అందులో నమోదైన వివాహాలు 1,034. వధువుల్లో 99 మంది వయస్సు ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. తొలికూర్పు పీఠికలో గురజాడ ఈ సంఖ్యలను పేర్కొన్నారు.

తెలుగు ప్రాంతంలో ఇంటిలోపలి అన్యాయాన్ని లెక్కించి చూపిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. అది లెక్కించినది శుల్కాన్నీ వయస్సునూ. ఆ బాలికలు కాపురానికి వెళ్లిన తరువాత ఏమైనదో లెక్కించే పద్ధతి అప్పటికి లేదు. అయితే జాబితా చెప్పనిదానిని నాటకం చెప్పింది. సుబ్బిని లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలన్న అగ్నిహోత్రావధాన్లు నిశ్చయాన్ని భార్య వెంకమ్మ ఎదిరిస్తుంది. ఆమె మాట చెల్లదు. నూతిలో దూకడం తప్ప ఆమెకు మరొక సాధనం కనిపించదు. విమర్శకులు ఈ సంఘటనను సాధారణంగా కన్యాశుల్క దురాచార తీవ్రతకు సాక్ష్యంగా వ్యాఖ్యానించారు. శుల్కం తీసుకోని ఇంటిలోనైనా వెంకమ్మ మాటకు విలువ ఉండేదా అన్నది అడగవలసిన ప్రశ్న. కన్న బిడ్డ వివాహంపై తల్లికి నిర్ణయాధికారం లేకపోవడం శుల్కం వల్ల ఏర్పడినది కాదు. శుల్కం ఆ లోటును బట్టబయలు చేసింది.

సమకాలీన వలస న్యాయవ్యవస్థ కూడా ఈ పరిమితిలోనే ఉన్నది. 1890లో కలకత్తాలో ఫూల్మణి దాసి అనే బాలిక భర్త లైంగిక చర్య వల్ల మరణించింది. ఆమె వయస్సు చట్టం నిర్ణయించిన పదేళ్లకు పైబడి ఉన్నందున అది అత్యాచారం కాలేదు. 1891 చట్టం ఆ పరిమితిని 12 ఏళ్లకు పెంచింది. చర్చ అంతా వయస్సు చుట్టూ తిరిగింది. భార్య సమ్మతి అన్న అంశం చట్టంలోకి ప్రవేశించలేదు.

కట్నం: ధనం దిశ మారినా

ఇరవయ్యో శతాబ్దిలో ధనప్రవాహం దిశ మారింది. వధువు తండ్రికి ముట్టే శుల్కం వెనుకబడి, వరునికి ముట్టే కట్నం వ్యాపించింది. ఈ మార్పు మన చర్చకు ఒక సహజమైన పరీక్ష వంటిది. శుల్కమే హింసకు మూలమైతే, శుల్కం పోయిన ఇళ్లలో హింస తగ్గవలసింది. అలా జరగలేదు. స్త్రీకి వెల కట్టినప్పుడూ, స్త్రీతోపాటు వెల ఇచ్చినప్పుడూ, బేరం ఆడే అధికారం ఆమెకు లేకపోవడం ఒక్కటే మారలేదు.

ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టాన్ని చేసింది. 1961లో కేంద్ర చట్టం వచ్చింది. ఈ చట్టాలు ఇచ్చిపుచ్చుకోవడాన్ని నేరంగా చూశాయి గాని, ఆ పేరుతో జరిగే హింసను ప్రత్యేకంగా గుర్తించలేదు. ఆ గుర్తింపు 1970ల చివర, 1980ల తొలినాళ్లలో సాగిన స్త్రీల ఉద్యమాల ఫలితం. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వంటి సంఘాలు ఏర్పడిన కాలమది. 'స్టవ్ పేలి మరణం' అని పత్రికల్లో ఒక మూల వచ్చే వార్తలను ఆ తరం హత్యలుగా, ఆత్మహత్యకు పురికొల్పిన సంఘటనలుగా చదవడం నేర్పింది. 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది. 1986లో వరకట్న మరణానికి సంబంధించిన 304బి చేరింది. 498ఎ సెక్షన్ క్రూరత్వాన్ని రెండు విధాలుగా నిర్వచించింది. ఆత్మహత్యకు పురికొల్పే లేదా తీవ్రమైన హాని కలిగించే ప్రవర్తన ఒకటి. ఆస్తికోసం వేధింపు రెండవది. మొదటి నిర్వచనంలో కట్నం ప్రసక్తి లేదు. అయినా ప్రజావ్యవహారంలో ఆ సెక్షన్‌కు 'వరకట్న వేధింపుల చట్టం' అన్న పేరే నిలిచింది.

ఈ పేరుకు పర్యవసానాలు ఉన్నాయి. కట్నం అడగకుండా కొట్టే భర్తపై ఫిర్యాదు చేయదలచిన స్త్రీ తన బాధను కట్నం భాషలోకి మార్చుకోవలసిన ఒత్తిడి ఏర్పడింది. కట్నం ప్రసక్తి లేని ఫిర్యాదు బలహీనంగా కనిపించింది. దానిని చేర్చిన ఫిర్యాదు కొన్ని సందర్భాల్లో అనుమానానికి లోనైంది. ఆ సెక్షన్ దుర్వినియోగాన్ని గూర్చి తరువాత సాగిన వాదోపవాదాలను ఈ భాషాసమస్య నుంచి వేరుచేసి చూడలేము. అనుభవానికి సరిపోని పేరును మోయవలసి వచ్చినప్పుడు సత్యమే సందేహాస్పదమవుతుంది.

సారా: దూబగుంట పాఠం

1991లో నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన అక్షరాస్యతా కార్యక్రమం ఊహించని ఫలితాన్నిచ్చింది. భర్త తాగుడువల్ల ఛిద్రమైన సంసారాన్ని చిత్రించిన పాఠాన్ని చదువుకున్న స్త్రీలు, అది తమ కథేనని గుర్తించారు. దూబగుంట స్త్రీలు రోశమ్మ నాయకత్వంలో 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ సంఘటన గ్రామం నుంచి గ్రామానికి పాకి రాష్ట్రవ్యాప్త ఉద్యమమైంది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది.

'సంసారం గుట్టు' అన్న సూత్రం సామూహికంగా భగ్నమైన సందర్భంగా ఈ ఉద్యమానికి తెలుగు సమాజ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉన్నది. ఒక ఇంటి గొడవ పది ఇళ్ల గొడవగా తెలిసినప్పుడు అది గుట్టుగా ఉండవలసిన పని లేకపోయింది. 'మా ఆయన కొడుతున్నాడు' అని చెప్పడంలో ఉన్న సిగ్గు, 'సారా మా కొంపలు కూల్చింది' అని చెప్పడంలో లేదు. సారా అనే పేరు వారికి ఒక రక్షణకవచం అయింది. భర్తను నేరుగా నిందించకుండానే అతని ప్రవర్తనను బజారులో నిలదీయడానికి అది వీలు కల్పించింది.

ఆ కవచానికి పరిమితి కూడా ఉన్నది. ఐదవ సర్వే ప్రకారం తరచుగా తాగే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసకు గురైనారు. తాగుడు హింసను తీవ్రం చేస్తుందన్న దూబగుంట స్త్రీల అనుభవజ్ఞానాన్ని ఈ సంఖ్య బలపరుస్తున్నది. అదే సర్వే, అసలు తాగని భర్తలున్న స్త్రీలలో 23 శాతం మంది కూడా హింసను అనుభవించారని చెబుతున్నది. ఈ రెండవ సంఖ్యకు సారా సమాధానం కాదు. తాగినవాడు కూడా సాధారణంగా దుకాణదారునో, యజమానినో కొట్టడు. ఇంటికి వచ్చి భార్యను కొడతాడు. మత్తులోనూ ఎవరిని కొట్టవచ్చునో అతనికి తెలుసు. ఆ తెలివిడి మద్యం ఇచ్చినది కాదు.

కాపురానికి రమ్మనే దావా

వెలుపలి కారణాలను పక్కన ఉంచి, దాంపత్యంలోని అధికారాన్నే నేరుగా ప్రశ్నించిన సందర్భం చట్టచరిత్రలో ఒకటి ఉన్నది. దానికి వేదిక తెలుగునేలే కావడం విశేషం. వదిలిపోయిన జీవితభాగస్వామి తిరిగి కాపురానికి రావాలని కోరే 'దాంపత్య హక్కుల పునరుద్ధరణ' దావా ఆంగ్లేయుల మతసంబంధ న్యాయస్థానాల నుంచి మన న్యాయవ్యవస్థలోకి వచ్చింది. 1884లో బొంబాయిలో రఖ్మాబాయిపై ఆమె భర్త వేసిన దావా దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. బాల్యంలో తన సమ్మతి లేకుండా జరిగిన వివాహానికి కట్టుబడనన్న ఆమెకు, 1887లో న్యాయస్థానం భర్త ఇంటికి వెళ్లాలని, లేదా కారాగారానికి వెళ్లాలని ఆదేశించింది. ఆమె కారాగారాన్నే ఎంచుకుంటానన్నది. 1888లో రాజీ కుదిరింది. తరువాత ఆమె ఇంగ్లండులో వైద్యవిద్య నభ్యసించింది.

1955 హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌గా ఈ దావా కొనసాగింది. 1983లో టి. సరీత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి. ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టంలేని సహజీవనానికి ఆదేశించడం వ్యక్తి దేహంపై, సంతానాన్ని కనడంపై ఆ వ్యక్తికి గల నిర్ణయాన్ని రాజ్యం చేతికి అప్పగించడమేనని ఆ తీర్పు సారాంశం. ఈ పరిహారం భార్యాభర్తలకు సమానంగా అందుబాటులో ఉన్నట్లు కనిపించినా, గర్భధారణ భారం స్త్రీదే కనుక దాని ఫలితం సమానం కాదని కూడా తీర్పు గుర్తించింది.

ఢిల్లీ హైకోర్టు ఈ అభిప్రాయంతో విభేదించింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు సరీత తీర్పును తోసిపుచ్చింది. వివాహం విచ్ఛిన్నం కాకుండా కాపాడే సామాజిక ప్రయోజనం ఈ సెక్షన్‌కు ఉన్నదనీ, ఆదేశాన్ని ధిక్కరిస్తే ఆస్తి జప్తు తప్ప శారీరక నిర్బంధం లేదనీ సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఆ కేసులో మొదట 9వ సెక్షన్‌ను ఆశ్రయించినది భార్యే కావడం గమనార్హం. ఆశ్రయం లేని స్త్రీకి ఈ దావా కొన్నిసార్లు ఆధారమయ్యే మాట వాస్తవమే. అయినా కాలక్రమాన్ని చూస్తే ఒక వైరుధ్యం స్పష్టమవుతుంది. 1983 డిసెంబరులో భర్త క్రూరత్వాన్ని నేరంగా ప్రకటించిన చట్టం అమలులోకి వచ్చింది. ఎనిమిది నెలలకే, ఇల్లు విడిచివచ్చిన భార్యను తిరిగి రమ్మని ఆదేశించగల చట్టం రాజ్యాంగబద్ధమన్న తీర్పు వచ్చింది. ఇంటిలో ప్రమాదమున్నదని గుర్తించడం, ఇంటికి తిరిగి వెళ్లమనడం అనే రెండూ ఒకే వ్యవస్థలో నేటికీ కలిసి నడుస్తున్నాయి. వయోజన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచార నిర్వచనం నుంచి మినహాయించిన నిబంధన కూడా 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొనసాగింది.

గృహహింస: సంబంధానికి పెట్టిన పేరు

2005లో రూపొంది 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం ఈ చరిత్రలో కొత్త మలుపు. 'గృహహింస' అనే సమాసం విస్తృత వ్యవహారంలోకి రావడానికి అది ముఖ్యకారణం. శారీరక, లైంగిక, వాచిక–మానసిక, ఆర్థిక హింసలను నాలుగింటినీ అది ఒకే నిర్వచనంలో చేర్చింది. శుల్కం, కట్నం, సారా అనే వస్తువుల ప్రమేయం లేకుండానే, ఒక ఇంట్లో కలిసి జీవించే సంబంధంలో జరిగే హింసగా దానిని గుర్తించింది. ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును స్త్రీకి ఇచ్చింది. 'కాపురం వదిలి వచ్చింది' అన్న పాత క్రియకు ఇది చట్టపరమైన సమాధానం: వెళ్లవలసినది ఆమె కానవసరం లేదు.

కారణాల చర్చకు కూడా ఈ నిర్వచనం దారి చూపింది. పోవడానికి చోటు లేకపోవడం హింస కొనసాగడానికి ప్రధాన కారణమని ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ 2005లో ప్రచురించిన కేరళ పరిశోధన నిరూపించింది. తిరువనంతపురం జిల్లాలో ఇల్లు గాని, భూమి గాని లేని స్త్రీలలో 49 శాతం మంది భర్తచేత శారీరక హింసకు గురికాగా, రెండూ ఉన్న స్త్రీలలో అది 7 శాతం. ఈ వెలుగులో ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన హిందూ వారసత్వ సవరణను పరిశీలించవలసి ఉన్నది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు పుట్టుకతో సమాన హక్కునిచ్చిన ఆ సవరణ దేశవ్యాప్త మార్పుకు రెండు దశాబ్దాల ముందే వచ్చింది. అయితే 1985 సెప్టెంబరు 5కు ముందు వివాహమైన వారికి అది వర్తించలేదు. అప్పటికే అత్తింటిలో ఉన్నవారికి, అంటే ఆ రక్షణ తక్షణం అవసరమైన వారికి, తలుపు మూసి ఉన్నది.

ఫలితాల విషయంలో సామెత చేసిన విభజన పూర్తిగా చెదిరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదిక ప్రకారం భాగస్వామి హింసకు గురైన స్త్రీలలో మానసిక కుంగుబాటు దాదాపు రెట్టింపు. వారికి తక్కువ బరువు గల శిశువులు జన్మించే అవకాశం 16 శాతం ఎక్కువ. సంసారం గుట్టుగా దాచినదే రోగంగా బయటపడుతున్నది. తల్లిని తండ్రి కొట్టడం చూస్తూ పెరిగిన స్త్రీలు తాము కూడా హింసకు గురయ్యే అవకాశం ఎక్కువని జాతీయ సర్వేలు చెబుతున్నాయి. కనిపించని ఫలితాలను పట్టుకోవడంలో సాహిత్యం సర్వేలకంటె ముందున్నది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఎవరూ ఎవరినీ కొట్టరు. ఇల్లు అలకడంలో మునిగిపోయిన గృహిణి తన పేరునే మరచిపోతుంది. దెబ్బ లేకుండానే ఒక వ్యక్తిత్వం ఎలా చెరిగిపోతుందో ఆ కథ చూపింది.

చట్టం వచ్చినా మనస్సు మారలేదన్నది కాదనలేని సత్యం. ఐదవ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం వివాహిత స్త్రీలు భర్త హింసను అనుభవించినట్లు చెప్పారు. సర్వే సూచించిన ఏడు కారణాలలో కనీసం ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం న్యాయమేనన్న స్త్రీలు రెండు రాష్ట్రాలలోనూ సుమారు 84 శాతం. అత్తమామలను గౌరవించకపోవడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, చెప్పకుండా బయటికి వెళ్లడం ఆ కారణాలలో కొన్ని. ఇవన్నీ 'కాపురం నిలబెట్టుకోవడం' అన్న పాత క్రియలో ఇమిడి ఉన్న విధులే. హింసను అనుభవించామన్న వారికంటె, హింస న్యాయమన్న వారి సంఖ్య రెట్టింపునకు పైగా ఉండటాన్ని గమనిస్తే, న్యాయమనిపించిన దెబ్బను ఎందరు హింసగా లెక్కవేసి ఉంటారన్న సందేహం సహజం.

ఉపసంహారం

శుల్కం, కట్నం, సారా అన్న పేర్లు అసత్యాలు కావు. ఒక్కొక్కటి తన కాలంలో మౌనాన్ని కొంత భేదించింది. స్త్రీలు వాటిని ఆయుధాలుగా వాడుకున్నారు. వస్తువుపై నింద మోపడం వ్యక్తిని, వ్యవస్థను నిందించడంకంటె సులభం కనుక సంస్కరణ ఆ దారినే నడిచింది. ధనం దిశ మారినప్పుడూ, సారా దుకాణం మూతపడినప్పుడూ హింస మరొక నెపాన్ని వెదుక్కోవడం, మూలం వేరే చోట ఉన్నదని తెలుపుతున్నది. ఆ మూలం భర్తకు దిద్దే అధికారం, భార్యకు సర్దుకుపోయే విధి అన్న పంపకంలోనూ, ఆమెకు వేరొక నీడ లేకపోవడంలోనూ ఉన్నది.

తెలుగు పరిశోధకులకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. సామెతలు, స్త్రీల పాటలు, సంస్కరణయుగ నాటకాలు, పత్రికల్లోని ఉత్తరాలు ఈ చరిత్రకు ఆధారపత్రాలు. వాటిని దురాచారాల పట్టికలుగా కాక, ఇంటిలో ఎవరి మాట చెల్లింది, ఎవరి మాట చెల్లలేదు అన్న ప్రశ్నతో తిరిగి చదవవలసి ఉన్నది. ఆ చదువులో వెంకమ్మ దూకిన నుయ్యి కన్యాశుల్కానికి మాత్రమే సాక్ష్యంగా మిగలదు. చెప్పుకోవడానికి మాట దొరకని ప్రతి ఇంటి పెరటిలోనూ అది కనిపిస్తుంది.